980 అనే అంకె, పాత గేమ్ రిమోట్‌లోని కన్ను

హన్మకొండకు దగ్గరలోని ఒక జూనియర్ కళాశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. ప్రాక్టికల్ పరీక్షలకు ముందు ఏటా విద్యార్థుల రికార్డులు దిద్దుతూ లఘులోలకం ప్రయోగం దగ్గరకు వచ్చేసరికి నాకు నవ్వూ చిరాకూ ఒకేసారి వస్తాయి. అరవై రికార్డులుంటే అరవైలోనూ గురుత్వ త్వరణం (జీ) సెకను వర్గానికి 980 సెంటీమీటర్లే. స్టాప్‌వాచ్ నొక్కేది మనిషి వేలు. ఒక మీటరు లోలకం 20 డోలనాలు చేయడానికి పట్టే 40 సెకన్లలో ఆ వేలు 0.2 సెకను ఆలస్యమైతే కాలంలో అర శాతం తప్పు వస్తుంది, కాలాన్ని వర్గం చేస్తాము కనుక జీ విలువలో అది ఒక శాతమవుతుంది, అంటే దాదాపు 10 సెంటీమీటర్లు. ఒకరికి 970, మరొకరికి 990 రావడం సహజం. అందరికీ 980 వచ్చిందంటే లెక్క కింది నుంచి పైకి నడిచిందన్నమాట. పైగా 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న మన ప్రాంతంలో అసలు విలువ 978కి కొంచెం ఎక్కువ. కాబట్టి ఆ కాపీ అంకె మన ఊరిది కూడా కాదు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ 980 అనే రాశాను కనుక ఈ విషయంలో ఎవరినీ గట్టిగా కోప్పడలేను.

వేలి ప్రమేయం లేకుండా లోలకాన్ని కొలిచే సాధనం ఒకటి చేయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. దానికి కావలసిన ముఖ్యమైన భాగం నాకు వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు ఉన్న ఒక పాత సామాన్ల దుకాణంలో, విరిగిన రిమోట్లు పోసి ఉన్న గంపలో దొరికింది. తెల్లగా, పొడవుగా ఉన్న ఆ రిమోట్‌ను చూడగానే గుర్తుపట్టాను. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2006లో విడుదల చేసిన వీ అనే ఆటల యంత్రానికి చెందినది. దుకాణదారు దాన్ని టీవీ రిమోట్ అనుకున్నాడు. "గది పని చెయ్యది సార్, బ్యాటరీలు కారినయ్" అని ముందే చెప్పి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఆయన చెప్పింది నిజమే. లోపల మరచిపోయిన రెండు పెన్సిల్ సెల్‌లు కారి, స్ప్రింగుల నుంచి బోర్డు దాకా పచ్చటి చిలుము పాకి ఉంది. బ్లూటూత్ భాగం చచ్చిపోయింది. నాకు కావలసింది మాత్రం రిమోట్ ముందు కొసన నల్లటి ప్లాస్టిక్ తెర వెనుక ఉండే చిన్న కెమెరా. చిలుము అంత దూరం పోలేదు.

ఈ కెమెరా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మనకు తెలిసిన కెమెరాల వంటిది కాదు. తైవాన్‌కు చెందిన పిక్స్ఆర్ట్ సంస్థ తయారు చేసిన ఈ భాగం బొమ్మను ఎప్పుడూ బయటకు ఇవ్వదు. దాని ముందున్న నల్లటి ఫిల్టర్ కంటికి కనిపించే వెలుతురును ఆపి పరారుణ కాంతిని మాత్రమే లోపలికి వదులుతుంది. లోపలి సెన్సార్ అడ్డంగా 128, నిలువుగా 96 చుక్కలది. ఈ రోజుల్లో చూస్తే చాలా చిన్నది. అయితే ఒక కాంతి మచ్చ అనేక చుక్కల మీద పరుచుకున్నప్పుడు దాని మధ్యబిందువు ఎక్కడ ఉందో చుక్కలో ఎనిమిదో వంతు వరకు అదే లెక్క కట్టి, అడ్డం 1024, నిలువు 768 గళ్ల కొలతలో మనకు చెబుతుంది. అలా ఒకేసారి నాలుగు మచ్చల స్థానాలను, వాటి పరిమాణాలను అందిస్తుంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు. మామూలు వెబ్ కెమెరాతో ఇదే పని చేయాలంటే ప్రతి బొమ్మనూ కంప్యూటర్‌లోకి తెచ్చి, లక్షల చుక్కల్లో వెలుగు మచ్చను వెతకాలి. ఇక్కడ ఆ వెతుకులాట అంతా వేలిగోరంత భాగంలోనే ముగుస్తుంది కనుక, రెండు కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉన్న ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు కూడా దానితో హాయిగా మాట్లాడగలదు.

ఆ ఆట ఆడినవారిలో కూడా చాలామంది టీవీ మీద పెట్టే పొడవాటి పట్టీయే రిమోట్‌ను చూస్తుందనుకుంటారు. పట్టీకి సెన్సార్ బార్ అని పేరు పెట్టడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. దానిలో రెండు కొసలా పరారుణ ఎల్ఈడీలు తప్ప ఏ సెన్సారూ లేదు. చూసే కన్ను రిమోట్‌లో ఉంది. పట్టీ పాడైన ఇళ్లలో రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడుకున్నవారు ఉన్నారు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న జానీ చుంగ్ లీ ఇదే కన్నును ఉపయోగించి, ప్రొజెక్టర్ వెలుగు పడిన ఏ గోడనైనా రాసుకునే తెరగా మార్చవచ్చని చూపించినప్పటి నుంచి, ఆటలతో సంబంధం లేనివారు కూడా దీని వెంట పడ్డారు.

రిమోట్ విప్పడానికి మూడు రెక్కల స్క్రూలు అడ్డం వచ్చాయి. మొబైల్ రిపేరు చేసే ఒక కుర్రవాడి దగ్గర వై ఆకారపు స్క్రూడ్రైవర్ బిట్ దొరికింది. కెమెరాను బోర్డు నుంచి ఊడదీయడం అంతకన్నా కష్టం: దాని ఒళ్లు ప్లాస్టిక్, కాళ్లు ఎనిమిది, వేడి ఎక్కువసేపు పెడితే కరిగిపోతుంది. ఒక్కొక్క కాలికీ ముందు కొత్త సీసం కొంచెం పెట్టి, పాతదానితో కలిసి కరిగాక సక్కర్‌తో లాగి, మిగిలినది రాగి అల్లికతో తుడిచి, ఒక కాలికీ మరో కాలికీ మధ్య నిమిషం సేపు చల్లారనిచ్చాను. ఒక సాయంత్రమంతా పట్టింది.

కాళ్ల మధ్య దూరం మనం బజారులో కొనే జీరో పీసీబీ (ముందే రంధ్రాలు చేసి ఉండే బోర్డు) రంధ్రాల దూరమైన 2.54 మిల్లీమీటర్లకు సరిపోదు. అందుకే దీనికి సొంతంగా బోర్డు గీయక తప్పలేదు. ఆ కాళ్లలో కొన్నింటికి 3.3 వోల్టుల సరఫరా, భూమి, రెండింటికి ఐటూసీ తీగలు (చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల జత), ఒకటి రీసెట్, ఒకటి గడియారపు స్పందన. చివరిదాన్ని నేను తేలికగా తీసుకున్నాను. ఈ కెమెరాకు సొంత గడియారం లేదు, దాదాపు 25 మెగాహెర్ట్జ్ స్పందన బయటి నుంచి అందితే తప్ప అది కన్ను తెరవదు. నేను దుకాణంలో 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అని అడిగి, రెండు కాళ్ల వెండి డబ్బీ ఒకటి తెచ్చి బిగించాను. రెండు కాళ్ల క్రిస్టల్ తనంతట తాను కంపించదని, దాన్ని ఊపడానికి పక్కన ఒక ఆంప్లిఫయర్ ఉండాలని పాఠం చెప్పే నాకు తెలియదా అంటే తెలుసు. తెలిసి కూడా వారం రోజులు కెమెరా పాడైందని బాధపడ్డాను. కావలసినది నాలుగు కాళ్ల ఆసిలేటర్; దానికి సరఫరా ఇస్తే చాలు, స్పందన సిద్ధంగా వస్తుంది. అది ఇక్కడ దొరకక హైదరాబాద్ నుంచి తెప్పించాను.

బోర్డులో మిగిలినవన్నీ చిన్నవే. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులను 3.3కు దించే రెగ్యులేటర్ ఒకటి, దాని రెండు వైపులా కెపాసిటర్లు, రీసెట్ కాలును పైకి పట్టి ఉంచే రెసిస్టర్, ఐటూసీ తీగలకు 2.2 కిలో ఓముల రెసిస్టర్లు రెండు. ఊనో 5 వోల్టుల భాష, కెమెరా 3.3 వోల్టుల భాష మాట్లాడతాయి కనుక ఆ రెండు తీగల్లో ఒక్కొక్కదానికీ ఒక చిన్న మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) దుబాసీగా ఉండాలి. 3.3 వోల్టుల మీద నడిచే ఈఎస్‌పీ32 అనే బోర్డు వాడితే ఈ దుబాసీల అవసరమే ఉండదు; కానీ మా ప్రయోగశాలలో మూడు ఊనోలు పెట్టెలోనే పాతబడుతున్నాయి, కొత్తది కొనమని అడగడానికి నాకు మనసొప్పలేదు.

బోర్డు గీత లేజర్ ప్రింటర్‌తో నున్నటి పత్రిక కాగితం మీద తీసి, రాగి పలక మీద బోర్లించి, ఇస్త్రీ పెట్టెతో అదిమాను. మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి "కాయిదానికి ఇస్త్రీ చేసుడేంది బిడ్డా" అని వెళ్లిపోయింది. కాగితాన్ని నీళ్లలో నానబెట్టి మెల్లగా రుద్ది తీసేస్తే నల్ల గీతలు రాగి మీద మిగిలాయి. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వెచ్చగా ఉంటే రాగిని త్వరగా తింటుంది. మే నెలలో వరంగల్ ఎండ ఆ పనికి సరిపోయింది. ప్లాస్టిక్ డబ్బాలో పలకను ముంచి మిద్దె మీద పెట్టి, అప్పుడప్పుడు ఊపుతూ ఉంటే మిగులు రాగి అంతా కరిగిపోయింది. ఈ ద్రావణాన్ని స్టీలు గిన్నెలో పోయరాదు, సింకులో పారబోయరాదు. గిన్నెను తింటుంది, కరిగిన రాగి నీటికి విషం. నాది ఇంకా మూత బిగించిన సీసాలోనే ఉంది.

ఆ మొదటి బోర్డు పనికిరాలేదు. కెమెరా కాళ్ల దూరాలను వెనుక నుంచి చూసి కొలిచాను, బోర్డు మీద ముందు నుంచి చూసినట్లు గీశాను. కుడి ఎడమైంది. విద్యుత్తు ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో ఒక్కొక్క కాలూ తడిమి చూసే అలవాటు ఉండబట్టి కెమెరా బతికింది. తారుమారైన అచ్చులో భాగాన్ని బోర్డుకు అవతలి వైపు నుంచి గుచ్చితే సరిపోతుందని ఒక ఉపాయం తోచింది, లెక్క ప్రకారం అది సరైనదే. కానీ అప్పుడు టంకం పెట్టవలసిన చోటు కెమెరా ఒంటి కిందికి పోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన దూరే సందు ఉండదు. ఇంకో కాగితం, మళ్లీ ఇస్త్రీ. ఈసారి అమ్మ ఏమీ అనలేదు.

రెండో బోర్డుకు ఆసిలేటర్ బిగించి విద్యుత్తు ఇచ్చాక, ఐటూసీ తీగ మీద ఎవరున్నారని ఊనోతో అడిగిస్తే 58 అనే చిరునామా నుంచి జవాబు వచ్చింది. ఇది హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, 58. కొన్ని వివరణల్లో ఇదే బీ0 అని కనిపిస్తుంది, చదవాలా రాయాలా అని చెప్పే బిట్టును కూడా కలిపి లెక్కించడం వల్ల వచ్చిన తేడా అది. తరువాత కెమెరాలోని 30వ రిజిస్టర్‌లో (రిజిస్టర్ అంటే విలువ దాచుకునే చిన్న గది; ఈ సంఖ్యలూ హెక్సాడెసిమల్‌వే) 01 రాసి నిద్ర లేపాలి, కాంతికి ఎంత సున్నితంగా ఉండాలో కొన్ని రిజిస్టర్లలో చెప్పాలి, 33వ రిజిస్టర్‌లో ఏ పద్ధతిలో జవాబు కావాలో రాయాలి, ఒక్కొక్క మాటకూ మధ్య 10 మిల్లీసెకన్లు ఆగాలి. ఆపైన 36వ రిజిస్టర్ నుంచి ఎప్పుడు చదివినా నాలుగు మచ్చల వివరాలు వరుసగా వస్తాయి. మచ్చ లేని చోట 1023 అని వస్తుంది.

తెర మీద అన్నీ 1023లే వస్తున్నాయి. చూడడానికి గదిలో ఏ పరారుణ కాంతీ లేదు కదా అని గుర్తుకు రావడానికి కొంత సమయం పట్టింది. మా గదిలో ఉన్నది ఎల్ఈడీ ట్యూబు, దానిలో పరారుణం దాదాపు ఉండదు. సంధ్యవేళ అమ్మ దేవుడి గూట్లో దీపం వెలిగించింది. బోర్డును చేత్తో పట్టుకొని అటు తిప్పగానే మొదటి జత అంకెలు కదిలాయి. ఒత్తి రెపరెపలాడినప్పుడల్లా నిలువు విలువ ఒకటి రెండు గళ్లు ఊగింది. మిగిలిన మూడు జతలు 1023 దగ్గరే ఉన్నాయి. ఆ రాత్రి నేను భోజనానికి ఆలస్యంగా కూర్చున్నాను.

లోలకం గుండుకు ఎల్ఈడీ, సెల్ కట్టడం నాకు ఇష్టం లేదు, ద్రవ్యరాశి కేంద్రం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. అందుకు బదులు లారీల వెనుక అంటించే రిఫ్లెక్టర్ టేపును రూపాయి బిళ్లకన్నా చిన్నగా గుండ్రంగా కత్తిరించి గుండుకు అంటించాను, బోర్డు మీద కెమెరా చుట్టూ 940 నానోమీటర్ల ఎల్ఈడీలు ఎనిమిది అమర్చాను. ఆ టేపు వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కనుక దీపం, కన్ను పక్కపక్కన ఉండాలి. రెండేసి ఎల్ఈడీలను వరుసగా కలిపి 47 ఓముల రెసిస్టర్ పెడితే ఒక్కొక్క జతకు సుమారు 50 మిల్లీ ఆంపియర్లు పోతుంది. నాలుగు జతలకు 200, యూఎస్‌బీ దాన్ని మోయగలదు. 850 నానోమీటర్ల ఎల్ఈడీలు కూడా అమ్ముతారు కానీ ఈ కెమెరాకు 940 దగ్గర చూపు ఎక్కువ. అవి వెలుగుతున్నాయో లేదో కంటికి తెలియదు. ఫోను ముందు కెమెరాతో చూస్తే లేత ఊదా రంగులో కనిపించాయి.

మొదటిసారి లోలకాన్ని ఊపి గ్రాఫ్ గీయిస్తే మెత్తటి అలకు బదులు రంపపు పళ్లు వచ్చాయి. ఎక్కుతూ ఎక్కుతూ 255 దగ్గర గీత తెగి సున్నాకు పడుతోంది. దారం జారుతోందా అని ముడిని మూడుసార్లు విప్పి కట్టాను. తప్పు దారానిది కాదు. స్థానం పది బిట్ల (0 లేదా 1 అనే అంకెల) సంఖ్య. దానిలో ఎనిమిది బిట్లు ఒక బైటులో వస్తాయి, మిగిలిన రెండు బిట్లను మూడో బైటులో మచ్చ పరిమాణంతో కలిపి సర్దుతారు. ఆ బైటులో పై రెండు బిట్లు నిలువుకు, తరువాతి రెండు అడ్డానికి, కింది నాలుగు పరిమాణానికి. నేను ఆ రెండు బిట్లను తెచ్చి కలపడం మరచిపోయాను. కలిపిన మరుక్షణం అల వచ్చింది.

కళాశాల ప్రయోగశాలలో మరో చిక్కు ఎదురైంది. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కిటికీలోంచి ఎండ పడి స్టీలు బీరువా పిడి మెరిస్తే కెమెరా దాన్నీ ఒక మచ్చగా లెక్కపెట్టింది, మెరుగు పెట్టిన ఇత్తడి గుండు అంచు ఇంకో మచ్చ అయింది. గుండుకు నల్ల రంగు వేసి, కిటికీకి పాత బొంత కట్టాము. ఎండను మించిన పరారుణ దీపం లేదు కదా.

కెమెరా లోలకానికి 1.5 మీటర్ల దూరంలో ఉంటే, దాని చూపు అడ్డంగా సుమారు 33 డిగ్రీలు కనుక, దాదాపు 89 సెంటీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఒక్కొక్క గడికి మిల్లీమీటరుకన్నా కొంచెం తక్కువ. సెకనుకు వంద సార్లు చదివి, గుండు మధ్యస్థానాన్ని దాటిన క్షణాన్ని ఇరుపక్కల కొలతల మధ్య నిష్పత్తితో లెక్కిస్తే కాలం మిల్లీసెకను దరిదాపుల్లోకి వస్తుంది. దారం కట్టిన చోటు నుంచి గుండు మధ్య వరకు పొడవు 98.6 సెంటీమీటర్లు. 10 డిగ్రీల కంపన పరిమితితో, అంటే గుండును మధ్య నుంచి అంత కోణం పక్కకు లాగి వదిలి, ఊపితే డోలనావర్తన కాలం (ఒక డోలనానికి పట్టే కాలం) 1.999 సెకన్లు వచ్చింది, జీ విలువ 974. నాకు కొంచెం నిరుత్సాహం కలిగింది. 5 డిగ్రీలతో ఊపితే 977. ఈ తేడా కెమెరాది కాదని గ్రహించడానికి కాగితం పెన్ను తీసుకోవలసి వచ్చింది. మనం పిల్లలకు చెప్పే సూత్రం కంపన పరిమితి అతి చిన్నదైనప్పుడే నిజం; రేడియన్లలో ఆ కోణం వర్గాన్ని 16తో భాగిస్తే వచ్చే భిన్నం మేరకు కాలం పెరుగుతుంది. 10 డిగ్రీలకు అది 0.19 శాతం, జీ విలువలో దానికి రెట్టింపు తగ్గుదల, అంటే దాదాపు 4 సెంటీమీటర్లు. పుస్తకంలో "కంపన పరిమితి స్వల్పంగా ఉండాలి" అని ఒక వాక్యం ఉంటుంది. స్టాప్‌వాచ్ పట్టుకున్నవారికి ఆ వాక్యం ఎందుకుందో ఎన్నటికీ కనిపించదు, వేలి తప్పు దాన్ని మింగేస్తుంది.

పిల్లలు తెర చుట్టూ మూగి చూశారు. ఒకడు మాత్రం అంకెల వైపే చూస్తూ "974 అని రాస్తే మార్కులు కట్ చేస్తరా సార్" అని అడిగాడు. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు ఏమంటాడో నేను హామీ ఇవ్వలేను కనుక, పక్కన 10 డిగ్రీలు అని కూడా రాయమన్నాను. వాడు ఒప్పుకోలేదు. గుండును తానే పట్టుకొని, కొలబద్ద చూసి 3 డిగ్రీలు మాత్రమే లాగి వదిలాడు. 20 డోలనాల తరువాత 978కి కొంచెం తక్కువ వచ్చింది. మళ్లీ చేశాడు, మళ్లీ దాదాపు అదే. కాసేపు ఆలోచించి, "ఇగ దారం కొలుచుడే తక్కువ పడ్తుంది సార్, స్కేలు మీద ఒక మిల్లీమీటర్ అటిటైతే ఒకటి మారుతది గదా" అన్నాడు. నిజమే, 98.6లో ఒక మిల్లీమీటరు అంటే వెయ్యిలో ఒక వంతు. గుండు వ్యాసాన్నయినా సరిగ్గా కొలుద్దామని వెర్నియర్ కాలిపర్స్ ఉన్న బీరువా దగ్గరకు వెళ్లాము. దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కునేసరికి ఆ రోజు ఆఖరి గంట కొట్టారు.